గడువు దాటిన డొమైన్ పేరు మనకు దక్కాలంటే ఏం చేయాలి?

పక్షిగూడు

అందరికీ నమస్కారం. పక్షుల కూతల రికార్డింగులన్నీ ఒకచోట చేర్చి, ఏ కూత ఏ పిట్టదో విని పోల్చుకునేలా ఒక సైటు తయారుచేస్తున్నాను. దానికి అతికినట్టు సరిపోయే డాట్ కామ్ పేరు ఒకటి ఉంది. ఇదివరకు ఆ పేరుతో ఎవరో సైటు నడిపారు. ఇప్పుడు తెరిస్తే ఏవో ప్రకటనల లింకులున్న పేజీ వస్తోంది.

కొన్నాళ్ల క్రితం దాని నమోదు వివరాలు చూస్తే గడువు తేదీ దగ్గరపడి ఉంది. ఆ తేదీ దాటాక మళ్లీ చూస్తే గడువు సరిగ్గా ఏడాది ముందుకు జరిగింది! అంటే పాత యజమాని రెన్యూ చేసేసినట్టేనా? చేస్తే మరి సైటు ఉండాల్సిన చోట ప్రకటనలెందుకు? ఆశ వదులుకోవాలో, ఎదురుచూడాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

డీఎన్‌ఎస్ దారి

పక్షిగూడు గారూ, రెన్యూ చేశారని అప్పుడే తేల్చుకోకండి. ఈ తేదీ చూసి చాలామంది ఇలాగే తికమకపడతారు.

డాట్ కామ్ పేర్ల పట్టిక మొత్తం వెరిసైన్ అనే రిజిస్ట్రీ దగ్గర ఉంటుంది. మనకు పేర్లు అమ్మేవాళ్లు రిజిస్ట్రార్లు. గడువు తేదీ దాటగానే రిజిస్ట్రీ ఆ పేరును తనంతట తానే ఇంకో ఏడాది పొడిగించి, రుసుము రిజిస్ట్రార్ ఖాతాలో కోసుకుంటుంది. యజమాని డబ్బు కట్టాడా లేదా అన్నది దానికి పట్టదు. యజమాని కట్టకపోతే రిజిస్ట్రార్ 45 రోజుల్లోపు ఆ పేరును తొలగించి తన రుసుము వెనక్కి తీసుకోవచ్చు. మీరు చూసిన కొత్త తేదీ ఈ పొడిగింపు వల్ల వచ్చినదే కావచ్చు.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. డొమైన్ పేర్ల వ్యవస్థకు నియమాలు పెట్టే ఐకాన్ సంస్థ లుకప్ పేజీలో పేరు కొట్టి స్టేటస్ వరుసలు చూడండి. అక్కడ 'ఆటో రెన్యూ పీరియడ్' అని కనిపిస్తే పేరు ఇంకా ఈ 45 రోజుల మధ్యలోనే ఉందని అర్థం. రిజిస్ట్రార్ వైపు నుంచి వచ్చే వివరాల్లో గడువు తేదీ విడిగా ఉంటుంది. అది పాత తేదీగానే ఉంటే యజమాని ఇంకా కట్టలేదని దాదాపు ఖాయం. నమోదు వివరాలు చూపే పాత పద్ధతి హూయిజ్, ఆ సైట్ల మీద మాత్రం ఆధారపడకండి. 2025 జనవరి 28 నుంచి డాట్ కామ్ లాంటి సాధారణ డొమైన్లకు హూయిజ్ సేవ తప్పనిసరి కాదు, దాని స్థానంలోకి అదే పని చేసే కొత్త పద్ధతి ఆర్‌డీఏపీ వచ్చింది. కొన్ని సైట్లు ఎప్పుడో దాచిపెట్టుకున్న పాత వివరాలే చూపిస్తుంటాయి.

తర్వాతి దశలు కూడా చెప్తాను. రిజిస్ట్రార్ తొలగించాక 30 రోజులు 'రిడెంప్షన్ పీరియడ్'. ఆ సమయంలో పాత యజమాని ఒక్కరే, అది కూడా అదే రిజిస్ట్రార్ ద్వారా, అదనపు రుసుము కట్టి విడిపించుకోగలరు. ఆ తర్వాత 5 రోజులు 'పెండింగ్ డిలీట్'. ఇందులోకి వెళ్లిన పేరును ఇక యజమాని కూడా వెనక్కి తెచ్చుకోలేడు. అది కూడా అయిపోయాక రిజిస్ట్రీ పట్టిక నుంచి పేరు చెరిగిపోతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. దీన్నే 'డ్రాప్' అంటారు. గడువు తేదీ నుంచి లెక్కేస్తే గరిష్ఠంగా 80 రోజులు.

వేలంపాట

పైన చెప్పిందంతా నిజమే, కానీ డ్రాప్ దాకా వచ్చే మంచి పేర్లు చాలా తక్కువ. అది తెలియక జనం రెండున్నర నెలలు ఎదురుచూసి నష్టపోతున్నారు.

ఆ 45 రోజుల్లోనే పెద్ద రిజిస్ట్రార్లు పేరును వేలానికి పెట్టేస్తాయి. నమోదు చేసుకున్నప్పుడు మనం ఒప్పుకునే షరతుల్లోనే ఈ హక్కు రాసి ఉంటుంది. గోడాడీకి సొంత వేలం సైటు ఉంది, డైనాడాట్‌కీ ఉంది. నేమ్‌జెట్, స్నాప్‌నేమ్స్ లాంటివి వేరే రిజిస్ట్రార్ల దగ్గర గడువు ముగిసిన పేర్లను తెచ్చి అమ్ముతాయి. అక్కడ ఎవరైనా కొంటే పేరు తొలగింపు దశలోకి వెళ్లదు, అదే రిజిస్ట్రార్ దగ్గర ఖాతా మాత్రం మారుతుంది. రిజిస్ట్రీ లెక్కలో మొదటి నమోదు తేదీ కూడా అలాగే ఉండిపోతుంది. డ్రాప్ అయ్యాక తీసుకుంటే మాత్రం ఆ రోజే కొత్తగా పుట్టినట్టు లెక్క.

కాబట్టి ముందు ఆ పేరు ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉందో చూడండి. ఆ రిజిస్ట్రార్ గడువు ముగిసిన పేర్లను ఏ వేలం సైటుకు పంపుతుందో కనుక్కొని అక్కడ వెతకండి. ఒక జాగ్రత్త. వేలంలో గెలిచినా పేరు వెంటనే మీ చేతికి రాకపోవచ్చు. పాత యజమానికి ఇచ్చిన గడువు ఇంకా మిగిలి ఉండి, ఆయన వచ్చి కట్టేస్తే వేలం రద్దవుతుంది, డబ్బు వెనక్కి ఇస్తారు. పేరు ఖాతాలోకి వచ్చేదాకా సైటు లోగో అచ్చువేయించకండి.

చిన్న అల

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. వేలంలో ఎవరూ కొనలేదు, డ్రాప్ దాకా వచ్చింది అనుకుందాం. ఆ సమయానికి కంప్యూటర్ ముందు కూర్చుని పేజీ రిఫ్రెష్ చేస్తూ మనమే తీసుకోలేమా? బ్యాక్‌ఆర్డర్ అంటూ, పేరు పట్టిపెట్టమని వేరేవాళ్లకు డబ్బెందుకు?

డీఎన్‌ఎస్ దారి

చిన్న అల గారూ, ఆ పేరు మీద ఇంకెవరి కన్నూ లేకపోతే తీసుకోవచ్చు. ఒక్కరైనా పోటీ ఉంటే కుదరదు. ఎందుకో చెప్తాను, ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే సంగతి ఇదే.

పేరు చెరిగే క్షణంలో రిజిస్ట్రీకి మొదట ఎవరి అభ్యర్థన చేరితే పేరు వాళ్లది. అడిగే హక్కు ఉన్నది ఐకాన్ గుర్తింపు పొందిన రిజిస్ట్రార్లకే. మనం రిజిస్ట్రార్ సైటులో బటన్ నొక్కితే, ఆ రిజిస్ట్రార్ వెళ్లి రిజిస్ట్రీని అడుగుతుంది. అందరూ ఒక్కసారిగా మీద పడితే రిజిస్ట్రీ యంత్రాలు తట్టుకోలేవు కాబట్టి ఒక్కో రిజిస్ట్రార్‌కి ఇన్నే కనెక్షన్లు అని పరిమితి ఉంటుంది. ఇక ఎక్కువ కనెక్షన్లు కావాలంటే ఎక్కువ రిజిస్ట్రార్లు కావాలి. అందుకని పేర్లు పట్టే కంపెనీలు ఏం చేశాయంటే, వందలకొద్దీ రిజిస్ట్రార్ గుర్తింపులు తీసుకున్నాయి. డ్రాప్‌క్యాచ్ అనే సేవ వెనక ఉన్న సంస్థ ఒక దశలో వెయ్యికి పైగా గుర్తింపులు పెట్టుకుంది. పేరు పక్కన ఒక అంకె మారుతుందంతే. ప్రపంచంలో ఉన్న రిజిస్ట్రార్ల సంఖ్య చూసి ఇంత పోటీనా అనుకుంటాం గానీ, అందులో పెద్ద భాగం ఇలా పేర్లు పట్టడానికి పుట్టినవే.

కాబట్టి మీ వేలు మౌస్ మీద ఉన్నా, అవతల కొన్ని వందల కనెక్షన్లు ఒకే పేరు కోసం సెకనుకు ఎన్నోసార్లు అడుగుతుంటాయి. బ్యాక్‌ఆర్డర్ అంటే వాటిలో ఒకదాన్ని మన తరఫున అడగమనడం. చాలా సేవలు పేరు పట్టగలిగితేనే డబ్బు తీసుకుంటాయి. ఒకే సేవలో ఇద్దరు ముగ్గురు అడిగి ఉంటే వాళ్ల మధ్య వేలం పెడతాయి. ఒక్కో సేవ విడివిడిగా పోటీపడుతుంది కాబట్టి రెండు మూడు చోట్ల పెట్టడంలో తప్పులేదు. ఎక్కడ పట్టుబడితే అక్కడే చెల్లిస్తారు.

పాత పుటలు

ఈ పరుగుపందెం ఇప్పుడు కాస్త పద్ధతిగా ఉన్నట్టే లెక్క. 2009కి ముందు పరిస్థితి గుర్తున్నవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో తెలియదు. కొత్తగా నమోదు చేసిన పేరును 5 రోజుల్లో రద్దు చేసుకుంటే డబ్బంతా వెనక్కి వచ్చే నిబంధన ఒకటుంది. అక్షరం తప్పు పడినవాళ్ల కోసం పెట్టారు. దాన్ని పట్టుకుని కొందరు డ్రాప్ అయిన పేర్లను లక్షల్లో తీసుకునేవారు. వాటి మీద ప్రకటనల పేజీ పెట్టి, అయిదు రోజుల్లో ఏ పేరుకు జనం వస్తున్నారో చూసేవారు. రాబడి ఉన్నవి ఉంచుకుని మిగతావి వదిలేసేవారు. దీనికి 'డొమైన్ టేస్టింగ్' అని పేరు. 2008లో ఒక పెద్ద రిజిస్ట్రార్ అయితే తన సైటులో ఎవరు ఏ పేరు వెతికినా దాన్ని కొన్ని రోజులు తనే నమోదు చేసి అట్టే పెట్టడం మొదలుపెట్టి పెద్ద గొడవకు కారణమైంది.

ఐకాన్ చేసిందల్లా, మితిమీరి రద్దు చేసే రిజిస్ట్రార్లు ఆ రద్దులకు డబ్బు కట్టాలనడమే. 2008 జూన్ నుంచి 2009 ఏప్రిల్ లోపు ఆ రద్దులు 99.7 శాతం తగ్గిపోయాయి. చిన్న రుసుము ఒక్కటి ఒక పెద్ద దందాను మూయించింది. ఈ ఉదాహరణ నాకు ఎప్పుడూ నచ్చుతుంది.

సరే, పక్షిగూడు గారి సంగతికి వద్దాం. ఇప్పటిదాకా అందరూ పేరు ఎలా పట్టాలో చెప్పారు. అసలు ఆ పేరు పట్టదగినదేనా అని ఎవరూ అడగలేదు. వదిలేసిన పేరు ఖాళీగా ఉండదు. గతంలో దాని మీద ఏం జరిగిందో అదంతా దాన్ని పట్టుకునే ఉంటుంది.

సైట్ల పాత రూపాలను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో పేరు కొట్టి ఏడాది ఏడాదికి చూడండి. మొదటి పేజీ ఒక్కటి చూసి వదిలేయకండి. క్యాలెండర్‌లో పెద్ద ఖాళీ వచ్చి, తర్వాత అకస్మాత్తుగా భాషా, విషయమూ రెండూ మారిపోయాయంటే, మధ్యలో ఒకసారి డ్రాప్ అయి ఎవరి చేతిలోనో పడిందని అర్థం. పిట్టల సైటు కాస్తా మధ్యలో రెండేళ్లు జూదం సైటుగా మారి ఉంటే ఆ మచ్చ మీకు వస్తుంది. వేరే సైట్ల నుంచి దానికి వచ్చే లింకులు చూడండి, ఆ లింకుల మీద ఉన్న మాటలు ఏంటో చూడండి. స్పామ్ పంపేవాళ్ల పేర్లు నమోదు చేసే స్పామ్‌హాస్ జాబితాలో ఉందేమో, గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ దాన్ని ప్రమాదకరమంటోందేమో చూడండి. స్పామ్ పంపడానికి వాడేసిన పేరు తీసుకుంటే మీ మెయిల్స్ ఎవరికీ చేరవు. ఎందుకు చేరడం లేదో కనుక్కోవడానికే ప్రాణం విసిగిపోతుంది.

వేలంపాట

పాత పుటలు గారు చెప్పిన లింకుల మాట నిజమే గానీ, అందులో రెండో వైపు కూడా ఉంది. మంచి చోట్ల నుంచి లింకులున్న పాత పేరు దొరికితే కొత్త సైటు త్వరగా పైకి వస్తుంది. పేర్లు కొనేవాళ్లలో సగం మంది చూసేది అదే.

పాత పుటలు

ఆ 'సగం మంది' చేసిన పని వల్లే 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో 'గడువు ముగిసిన డొమైన్ల దుర్వినియోగం' అని ప్రత్యేకంగా చేర్చింది. వాళ్లిచ్చిన ఉదాహరణలు చదవండి: ఒకప్పటి ప్రాథమిక పాఠశాల సైటు పేరు మీద కాసినో రాతలు, ఒక వైద్య సేవా సంస్థ పేరు మీద మందుల అమ్మకం. పాత పేరుకున్న పరపతిని అడ్డం పెట్టుకుని, దానికి సంబంధం లేని సరుకును సెర్చ్‌లో పైకి తేవడానికే కొంటే అది స్పామ్ కిందికి వస్తుంది. పాత పేరు తీసుకుని జనానికి నిజంగా పనికొచ్చే కొత్త సైటు పెట్టుకోవడం తప్పు కాదని వాళ్లే చెప్పారు. పక్షిగూడు గారు చేయబోయేది ఈ రెండో రకం, ఆయనకు భయం లేదు. కానీ 'లింకులున్నాయి, కొనేయండి' అని కొత్తవాళ్లకు చెప్పడం నాకు మనసొప్పదు.

వేలంపాట

మీ మాటతో ఏకీభవిస్తాను, కాసినోల సంగతి నేను సమర్థించడం లేదు. ఒకే విషయానికి చెందిన పేరును అదే విషయానికి వాడుకోవడం గురించే నా మాట.

పక్షిగూడు

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. లుకప్‌లో చూశాను. 'ఆటో రెన్యూ పీరియడ్' అనే ఉంది, రిజిస్ట్రార్ వైపు గడువు తేదీ పాతదే. వేబ్యాక్‌లో మొదటినుంచీ ఒకే సైటు. ప్రకృతి మీద ప్రేమ ఉన్నవాళ్ల చిన్న బృందం అనుకుంటా, పక్షుల లెక్కింపు ఫొటోలు పెట్టేవారు. మధ్యలో వేరే అవతారాలేమీ లేవు.

అది చూశాక ఇంకో ఆలోచన వచ్చింది. వాళ్లు కావాలని వదిలేశారా, మర్చిపోయారా? మర్చిపోతే వాళ్ల పేరు నేను లాక్కున్నట్టవుతుంది కదా. వాళ్లకు రాయడం ఎలా? నమోదు వివరాల్లో పేరూ మెయిలూ అన్నీ దాచేసి ఉన్నాయి.

న్యాయసూత్రం

2018 మే 25న యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమలైనప్పటి నుంచి ఆ వివరాలు దాచడమే మామూలైంది. అయినా చాలా రిజిస్ట్రార్లు ఒక ఫారం గానీ, ముసుగు మెయిల్ చిరునామా గానీ ఇస్తాయి. దానికి రాస్తే యజమానికి చేరవేస్తాయి. వేబ్యాక్‌లో పాత సైటు సంప్రదింపు పేజీ కూడా చూడండి. అయితే అక్కడున్న మెయిల్ అదే డొమైన్ మీద ఉంటే ఇప్పుడు పనిచేయకపోవచ్చు.

మీరు అడిగిన ప్రశ్నకు చట్టం వైపు నుంచి ఒక మాట. గడువు ముగిసిన పేరు మొదట అడిగినవారిది అన్నది నమోదు వరకే. ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఉంటే, నమోదు పోయినంత మాత్రాన మార్కు మీద హక్కు పోదు. 1999లో ఐకాన్ తెచ్చిన యూడీఆర్‌పీ అనే డొమైన్ వివాదాల పరిష్కార విధానం కింద మార్కు యజమాని ఫిర్యాదు చేయొచ్చు. మూడు సంగతులు రుజువు చేయాలి. పేరు తన మార్కులాగే ఉందని, లేదా తికమకపెట్టేంత దగ్గరగా ఉందని. ఇప్పుడు పట్టుకున్నవారికి దాని మీద న్యాయమైన ప్రయోజనం లేదని. నమోదు చేయడంలోనూ వాడకంలోనూ దురుద్దేశం ఉందని. మూడూ నిలబడితే పేరు బదిలీ చేస్తారు లేదా రద్దు చేస్తారు. పరిహారం డబ్బు ఆ పద్ధతిలో ఉండదు, దానికి కోర్టుకు వెళ్లాలి. అమెరికాలో అదే 1999లో వచ్చిన చట్టం కింద ఒక్కో పేరుకు లక్ష డాలర్ల దాకా విధించే వీలుంది.

ఒక మామూలు మాటను తీసుకుని దాని అర్థానికి తగ్గ సైటు పెట్టుకుంటే మీ వైపు బలం ఉంటుంది. ఒక సంస్థ పేరు పోయిందని తెలిసి, దాన్ని పట్టి వాళ్లకే ఎక్కువ ధరకు అమ్మజూపితే దురుద్దేశానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

వేలంపాట

ఇక్కడ నాదొక మాట. పాత యజమానికి గడువుకు ముందూ తర్వాతా అన్నిసార్లు గుర్తు చేస్తారు. 45 రోజులు, ఆపై 30 రోజులు ఇస్తారు. అప్పటికీ పట్టించుకోని పేరును ఇంకొకరు తీసుకుంటే అది లాక్కోవడమెలా అవుతుంది?

చిన్న అల

అన్నిసార్లూ పట్టించుకోకపోవడం కాదండీ. నేను ఈ చర్చలోకి వచ్చిందే ఇందుకు. నాకు తెలిసిన ఒక చిన్న సంఘానికి ఎన్నో ఏళ్లుగా ఒక పేరు ఉంది. దాన్ని నమోదు చేసిన సభ్యుడు సంఘం వదిలి వెళ్లిపోయారు. గుర్తుచేసే మెయిల్స్ అన్నీ ఆయన పాత చిరునామాకే వెళ్లాయట. కార్డు కాలం చెల్లిపోయి ఆటో రెన్యూ కూడా జరగలేదు. సైటు ఆగిపోయాకే మిగతావాళ్లకు తెలిసింది. వాళ్ల పాత కార్యక్రమాల ఫొటోలు, సభ్యుల మెయిల్స్ అన్నీ ఆ పేరు మీదే. ఇప్పుడు లుకప్‌లో 'రిడెంప్షన్ పీరియడ్' అని ఉంది. ఏమైనా చేయొచ్చా? వేరే రిజిస్ట్రార్‌కి మార్చుకుని అక్కడ రెన్యూ చేస్తే తక్కువలో అవుతుందా?

డీఎన్‌ఎస్ దారి

చిన్న అల గారూ, ఈ రోజే కదలమనండి. ఈ దశలో పేరును వేరే రిజిస్ట్రార్‌కి మార్చడం కుదరదు. ఉన్న రిజిస్ట్రార్‌కే ఫోన్ చేసి 'రిస్టోర్' చేయమని అడగాలి. మామూలు రెన్యూకన్నా ఎక్కువ అడుగుతారు, ఎందుకంటే రిజిస్ట్రీ కూడా దీనికి ప్రత్యేక రుసుము తీసుకుంటుంది. ఎంతో ముందే సైటులో ప్రకటించి ఉండాలని ఐకాన్ నియమం ఉంది, అక్కడ చూసుకోండి. ఖాతా పాత సభ్యుడి పేరు మీద ఉంటే ఆయన్ను పట్టుకోవడమే అన్నిటికన్నా దగ్గర దారి. ఆయన దొరక్కపోతే సంఘం పత్రాలు, పాత చెల్లింపు రసీదులు చూపించి రిజిస్ట్రార్‌ను ఒప్పించాలి. 'పెండింగ్ డిలీట్' అని మారిందంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరు, అందరితోపాటు బ్యాక్‌ఆర్డర్ పెట్టుకోవాల్సిందే.

వేలంపాట గారికి: గుర్తుచేసే నియమం 2013 ఆగస్టు 31 నుంచి ఉంది. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటిన 5 రోజుల్లో ఇంకోసారి. ఆ చివరి కబురు రాకపోయినా జనం గమనించాలని, రెన్యూకు అవకాశమున్న చివరి 8 రోజులైనా సైటు ఆగిపోయేలా చేయాలని కూడా అందులో ఉంది. పక్షిగూడు గారు చూసిన ప్రకటనల పేజీ ఆ ఆపడంలో భాగమే. కానీ కబురు ఎవరికి చేరుతోందో రిజిస్ట్రార్‌కి తెలియదు. పెద్ద కంపెనీలకే ఇది జరిగింది. 1999 క్రిస్మస్ సమయంలో మైక్రోసాఫ్ట్ వాళ్ల పాస్‌పోర్ట్ డాట్ కామ్ రుసుము కట్టక హాట్‌మెయిల్‌లోకి చాలామంది వెళ్లలేకపోయారు. ఒక లినక్స్ ప్రోగ్రామర్ తన జేబులోంచి 35 డాలర్లు కట్టి సమస్య తీర్చాడు. అంత పెద్ద సంస్థకే అలా అయితే చిన్న సంఘాన్ని ఏమనగలం?

తాళం చెవి

సంఘం సభ్యుల మెయిల్స్ ఆ పేరు మీదే ఉన్నాయన్నారు. నాకు అన్నిటికన్నా భయం కలిగించింది ఆ వాక్యమే. రుసుము ఎంతైనా కట్టి విడిపించుకోమనండి.

పేరు ఎవరి చేతికి వెళ్తే, ఆ పేరు మీది మెయిల్ అంతా వాళ్లకు వెళ్తుంది. కొత్త యజమాని ఏ చిరునామాకు వచ్చినా అందుకునేలా పెట్టుకుంటే చాలు, పాత సభ్యుల పేర వచ్చే బ్యాంకు కబుర్లు, బిల్లులు, పాస్‌వర్డ్ మార్చే లింకులు అన్నీ వస్తాయి. హ్యాకింగ్ తెలివి ఏమీ అక్కర్లేదు. 2022 మేలో పైథాన్ ప్రోగ్రామర్లు వాడే సీటీఎక్స్ అనే ప్యాకేజీని ఇలాగే పట్టేశారు. దాన్ని రాసినాయన మెయిల్ ఉన్న డొమైన్ గడువు ముగిసింది. ఎవరో ఆ పేరు నమోదు చేసి, పాస్‌వర్డ్ మార్చుకుని, ప్యాకేజీలో రహస్యాలు దొంగిలించే కోడ్ పెట్టారు. అందుకే ఆ ప్యాకేజీలను పంచే పైపీఐ సైటు 2025 నుంచి గడువు ముగిసిన డొమైన్ల మీది మెయిల్ చిరునామాలకు ధ్రువీకరణ తీసేస్తోంది. కొద్ది నెలల్లోనే అలాంటివి 1,800కు పైగా తేలాయి.

ఇంకా పెద్దది చెప్తాను. డాట్ మొబి పేర్ల హూయిజ్ సర్వర్ పాత చిరునామా ఉన్న డొమైన్ 2023 డిసెంబరులో గడువు ముగిసి పోయింది. వాచ్‌టవర్ అనే సంస్థ పరిశోధకులు 2024లో దాన్ని 20 డాలర్లకు కొని సర్వర్ పెట్టారు. రోజుల్లోనే 1,35,000కు పైగా వేర్వేరు యంత్రాలు వచ్చి అడగడం మొదలుపెట్టాయి. వాటిలో ప్రభుత్వాల మెయిల్ సర్వర్లున్నాయి, సైట్లకు భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. చిరునామా మారిందని చాలామంది తమ సాఫ్ట్‌వేర్‌లో మార్చనే లేదు. వేరేవాళ్ల చేతిలో పడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

పక్షిగూడు గారికి నా సలహా: పేరు వచ్చాక అన్ని చిరునామాలకూ మెయిల్ అందుకునే ఏర్పాటు పెట్టకండి. మీకు కావలసిన ఒకటి రెండు చిరునామాలే తెరవండి. మిగతావి పంపినవాళ్లకే వెనక్కి పోవాలి. పాత బృందానికి వచ్చిన ఉత్తరం పొరపాటున కంటపడినా అది మీది కాదు. అదీగాక పాత యజమాని తీసుకున్న సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులో ఉండొచ్చు. సర్టిఫికెట్ల బహిరంగ లాగ్‌లలో మీ పేరు వెతికితే ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. 2020 సెప్టెంబరు నుంచి ఇచ్చినవాటి ఆయుష్షు గరిష్ఠంగా 398 రోజులే, 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి 200 రోజులే కాబట్టి ఈ ముప్పు మునుపటికన్నా తక్కువ. అయినా ఉంటే, ఇప్పుడు పేరు మీదేనని చూపించి ఇచ్చిన సంస్థ చేత రద్దు చేయించండి.

నీలి మేఘం

డాట్ కామ్ లెక్క అన్ని చోట్లా పనిచేయదని ఎవరైనా చెప్తారేమో అని చూస్తున్నా. దేశాల డొమైన్లకు ఎవరి నియమం వారిది. నెదర్లాండ్స్ వారి డాట్ ఎన్‌ఎల్, యూరోపియన్ యూనియన్ వారి డాట్ ఈయూలకు రద్దయ్యాక 40 రోజుల క్వారంటైన్, అంటే అప్పటిదాకా ఇంకెవరికీ ఇవ్వరు. జర్మనీ వారి డాట్ డీఈకి అయితే గడువు తేదీ బయటివాళ్లకు కనిపించనే కనిపించదు. స్వీడన్ రిజిస్ట్రీ త్వరలో విడుదలయ్యే పేర్ల జాబితాను తనే బయటపెడుతుంది, ఎంత మంచి పద్ధతో! ఆ రిజిస్ట్రీ సైటులో నియమం చదవకుండా తేదీలు లెక్కేసుకోవద్దు.

ఇంకొకటి. ఫలానా పేరని కాకుండా మంచివి ఏవైనా దొరుకుతాయేమో అని వెతికేవాళ్లకు ఎక్స్‌పైర్డ్ డొమైన్స్ డాట్ నెట్ లాంటి జాబితాలున్నాయి. సొంతంగా చేసుకుందామంటే ఐకాన్ నడిపే సీజెడ్‌డీఎస్ అనే సేవ ద్వారా జోన్ ఫైళ్లు, అంటే ఒక్కో డొమైన్ కింద పనిచేస్తున్న పేర్ల జాబితాలు, చాలావాటివి అడిగి తెచ్చుకోవచ్చు. నిన్నటి ఫైలుకూ ఈనాటి ఫైలుకూ తేడా తీస్తే మాయమైన పేర్లు వస్తాయి.

డీఎన్‌ఎస్ దారి

ఆ చివరి మాటకు చిన్న సవరణ. జోన్ ఫైలు నుంచి మాయమైనంత మాత్రాన పేరు డ్రాప్ అయినట్టు కాదు. రిడెంప్షన్‌లోకి వెళ్లగానే జోన్ నుంచి తీసేస్తారు. రిజిస్ట్రార్ 'హోల్డ్' పెట్టి పేరు పనిచేయకుండా ఆపినా మాయమవుతుంది. ఒక్కో పేరునూ ఆర్‌డీఏపీలో అడిగి స్టేటస్ చూడాల్సిందే.

పక్షిగూడు

కబురు ఉంది. రిజిస్ట్రార్ ఫారం ద్వారా రాస్తే జవాబు రాలేదు గానీ, పాత సైటులో ఉన్న వేరే మెయిల్ ఒకటి పనిచేసింది. ఆ బృందం ఎప్పుడో విడిపోయిందట, పేరు తెలిసే వదిలేశారట. పక్షుల సైటుకే వాడతానంటే చాలా సంతోషించారు. పాత ఫొటోలు కూడా ఇస్తామన్నారు! వేలంలో ఎక్కడా కనిపించలేదు. లుకప్‌లో ఇప్పుడు 'రిడెంప్షన్ పీరియడ్' వచ్చింది. ఇక ఎదురుచూడటమేనా?

న్యాయసూత్రం

ఎదురుచూడక్కర్లేదు. వాళ్లు మీకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు కాబట్టి, వాళ్ల చేతే రిస్టోర్ చేయించి ఆ రుసుము మీరు భరించండి. తర్వాత అదే రిజిస్ట్రార్ దగ్గర మీ ఖాతాకు మార్పించుకోండి. డ్రాప్‌లో ఎవరితోనూ పోటీ ఉండదు, మొదటి నమోదు తేదీ కూడా నిలుస్తుంది. మార్చుకున్నట్టు రెండు వైపులా ఒక మెయిల్ రాసి ఉంచుకోండి.

వేలంపాట

ఇది నేను చెప్పిన అన్నిటికన్నా మంచి దారి. బ్యాక్‌ఆర్డర్ కూడా ఒకటి పెట్టి ఉంచండి, ఖర్చేమీ లేదు. వాళ్లు రిస్టోర్ చేయడంలో ఆలస్యమైతే పనికొస్తుంది.

చిన్న అల

మా సంఘం పేరు కూడా వెనక్కి వచ్చేసింది! పాత సభ్యుడు దొరికారు, ఆయనే రిజిస్ట్రార్‌తో మాట్లాడి పెట్టారు. మెయిల్స్ మళ్లీ వస్తున్నాయి. డీఎన్‌ఎస్ దారి గారికీ తాళం చెవి గారికీ ఎంత చెప్పినా తక్కువే. మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?

తాళం చెవి

చాలా సంతోషం అండీ. ఇద్దరికీ కలిపి చెప్తాను. రిజిస్ట్రార్ ఖాతాలో సంప్రదింపు మెయిల్‌గా అదే డొమైన్ మీది చిరునామా పెట్టకండి. గడువు దాటి పేరు ఆగిపోతే గుర్తుచేసే చివరి మెయిల్ కూడా చేరదు. వేరే చోటి చిరునామా ఇచ్చి, అది కనీసం ఇద్దరు చూసేలా పెట్టండి. ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టండి, పేరును వేరే రిజిస్ట్రార్‌కి మార్చనివ్వని 'ట్రాన్స్‌ఫర్ లాక్' వేసి ఉంచండి. నమోదు ఒకేసారి గరిష్ఠంగా పదేళ్లకు చేసుకోవచ్చు. సంఘం దగ్గర డబ్బుంటే అలా చేయండి, కార్డు మారినప్పుడల్లా ఆటో రెన్యూ పనిచేస్తోందో లేదో మాత్రం చూసుకోండి.